గేజు మీద రెండు గీతలు

మా ఆయన కాలు విరగడంతో ఆయన మోటార్‌సైకిల్ నా చేతికొచ్చింది. ఆఫీసు మెట్లు దిగుతూ ఫోన్ చూసుకుంటున్నారట. ఇంకా రెండు మెట్లు ఉండగానే నేల వచ్చేసిందనుకుని అడుగు వేశారు. మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది. ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. మూడు నెలలు ఆ కాలి మీద బరువు మోపకూడదన్నారు.

మేముండేది లింగంపల్లిలో, రైల్వే స్టేషన్‌కి కాస్త ఎడంగా, ఐదంతస్తుల చిన్న అపార్ట్‌మెంట్‌లో. నా ఆఫీసు రాయదుర్గంలో. పద్నాలుగేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను. వేరేవాళ్లు రాసిన ప్రోగ్రాములో ఎక్కడ తప్పుందో వెతికి పట్టుకోవడం నా పని. రోజూ పొద్దున ఆయన నన్ను మా ఆఫీసు గేటు దగ్గర దింపి తన ఆఫీసుకి వెళ్లేవారు. సాయంత్రం నేను ఏ క్యాబో, షేర్ ఆటోనో పట్టుకుని వచ్చేదాన్ని. ఆయన మంచం పట్టిన మొదటి వారం రెండు పూటలా రోడ్డు మీద నిలబడి నిలబడి విసుగొచ్చింది. కింద పార్కింగ్‌లో బండి దుమ్ము కొట్టుకుపోతోంది. ఒక సోమవారం పొద్దున తాళం తీసుకున్నాను.

"నడపగలవా?" అన్నారాయన, దిండ్లకి ఆనుకుని కూర్చుని.

"మర్చిపోయే విద్య కాదు కదా," అన్నాను.

గేర్ల బండి నాకు కొత్త కాదు. మా నాన్న పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. అమలాపురం చుట్టుపక్కల ఊళ్లన్నీ బండి మీదే తిరిగేవారు. ఇంటర్ సెలవుల్లో కాలవగట్టు మీద నాకు నేర్పారు, లైసెన్సు కూడా తీయించారు. పెళ్లయ్యాక మాత్రం వెనక సీటుకి అలవాటు పడిపోయాను. ఎవరూ వద్దనలేదు. నేనే అడగలేదు.

మొదటి రెండు రోజులు రెండో గేరు దాటలేదు. మూడో రోజు నుంచి ఇష్టంగా ఉంది. సిగ్నల్ దగ్గర పక్కన ఆగినవాళ్లు ఒకసారి బండిని, ఒకసారి నన్ను చూసేవాళ్లు. నల్లగండ్ల దాటాక రోడ్డు కాస్త ఖాళీ దొరికితే నాలుగో గేరు వేసి, పొద్దుటి గాలి మొహానికి తగులుతుంటే, ఆ ఇరవై నిమిషాలూ ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేని మనిషిలా ఉండేదాన్ని. పెట్రోలు అయిపోతే పోయించేదాన్ని. అది కాక బండికి ఇంకేదైనా కావాలన్న ఆలోచనే నాకు రాలేదు.

మూడో వారంలో ఒక సాయంత్రం ఇంటికొచ్చేసరికి వాచ్‌మన్ భార్య పార్కింగ్ కడుగుతోంది. వాళ్లది నారాయణపేట వైపు. మెట్ల కింద ఒక గది, దాని పక్కన వంటకి రేకుల పంచ. మా అపార్ట్‌మెంట్‌కి వచ్చి రెండేళ్లు దాటింది. రోజూ చూస్తూనే ఉన్నా, ఆమెతో నీళ్ల ట్యాంకర్ గురించో, చెత్త బండి గురించో తప్ప నేను మాట్లాడిన గుర్తు లేదు. నేను గేటు లోపలికి రాగానే ఆమె చేతిలోని చీపురు పక్కన పడేసి అడ్డంగా వచ్చింది.

"ఆపుండ్రి మేడం! బంద్ చెయ్యుండ్రి, జల్ది బంద్ చెయ్యుండ్రి!"

ఏ పిల్లిపిల్లో చక్రం కిందికి వచ్చిందనుకుని గబుక్కున ఆపేశాను.

"ఏమైంది?"

"ఇంజన్ల ఆయిల్ లేదు."

"నీకెలా తెలుసు?"

"సప్పుడు ఇనవడ్తలేదా? రెండు దినాల సంది ఇంటున్న. ఇయ్యాల మరీ ఎక్కువైంది."

నేనూ ఏదో టకటక విన్నాను గానీ పాత బండి కదా, అలాగే ఉంటుందనుకున్నాను. ఆమె వంగి ఇంజన్ దగ్గర చెయ్యి పెట్టబోయి, వేడికి వెనక్కి తీసుకుంది. తర్వాత పార్కింగ్ అంతా ఒకసారి చూసి, మా స్థలం వదిలేసి, స్తంభం అవతలి మూలకి బండి తోయమంది.

"ఎందుకు? మాది ఇక్కడే కదా."

"ఈడ నేల మోరి దిక్కు జారుంది మేడం. నీళ్లు పోస్తే ఆగవు. ఆడ పోస్తే ఆడనే ఉంటయ్. సాపు జాగల చూస్తెనే లెక్క."

మేము పదకొండేళ్లుగా ఉంటున్న ఇల్లది. నేల ఎక్కడ మురుగు కాలవ వైపు వాలి ఉందో, ఎక్కడ చదునుగా ఉందో నాకు తెలియదు.

ఇద్దరం కలిసి బండిని ఆ మూలకి తోశాం. సైడ్ స్టాండ్ వెయ్యబోతే వద్దంది. ఇద్దరం వెనకనుంచి ఎత్తిపట్టి, కాలితో డబుల్ స్టాండ్ తొక్కి నిలబెట్టాం. బండి నిటారుగా నిలిచింది. వెంటనే మూత తీస్తుందనుకున్నాను. తియ్యలేదు. వెళ్లి చీపురు తీసుకుని మిగిలిన నేల కడగసాగింది.

"చూడవా?"

"ఇప్పుడే బంద్ చేసినం గద. పైన అంటుకున్న ఆయిలంత కిందికి దిగాలె. జర ఆగుండ్రి."

ఆఫీసు బ్యాగు భుజాన వేసుకుని అలాగే నిలబడ్డాను. ఐదు నిమిషాలు గడిచి ఉంటాయి. చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఇంజన్ కుడి పక్కన కింద ఉన్న చిన్న నల్లమూత తిప్పి తీసింది. ఆ మూతకి కిందికి వేలాడుతూ వేలెడంత పుల్ల ఉంది. దాన్ని గేజు అంది. పాత బనియన్ గుడ్డతో శుభ్రంగా తుడిచి, దాని మీద ఉన్న రెండు సన్నటి గీతలు నాకు చూపించింది.

"కింది గీతకూ మీది గీతకూ నడుమ ఉండాలె ఆయిల్. ఇప్పుడు చూడుండ్రి."

గేజుని తిప్పి బిగించకుండా ఊరికే లోపలికి దించి, ఆనించి, పైకి తీసింది. పుల్ల చివర ఆవగింజంత నల్లటి తడి. కింది గీత దాకా కూడా లేదు.

నేనూ వంగి చూశాను. "ఇప్పుడేం చెయ్యాలి?"

"ఏం ఫికర్ లేదు. ఇంజన్ ఇంక పట్టుకపోలే గద. మోటర్ సామాన్ల దుకాణంల ఈ బండికేదైతదో గా ఆయిల్ తెచ్చుకోండ్రి. పోసి, రేపు మెకానిక్‌కి చూపియ్యుండ్రి."

నడుచుకుంటూ వెళ్లి ఒక సీసా తెచ్చాను. ఆమె ఒకేసారి పొయ్యనివ్వలేదు. కొంచెం పోయించి, ఆగి, గేజు తుడిచి చూపించి, మళ్లీ కొంచెం పోయించింది. గేజు మీద నూనె తేనెరంగులో మెరుస్తూ రెండు గీతల మధ్యకి వచ్చేదాకా నాలుగు సార్లు అదే పని. మర్నాడు మెకానిక్ పాతదంతా తీసేసి కొత్త ఆయిల్ నింపాడు. "ఇంకో రెండు రోజులు గిట్లనే నడిపిస్తే పిస్టన్ పట్టేస్తుండె మేడం," అన్నాడు. పాత ఇంజన్ కాబట్టి కాస్త కాస్త తాగుతుందని, వారానికోసారి చూసుకోమన్నాడు.

ఆయన మాత్రం ఒప్పుకోలేదు. "పడిపోయే ముందు ఆదివారమే చూశాను. నిండుగా ఉంది," అన్నారు. గొంతులో కోపం లేదు గానీ నొచ్చుకున్నారని తెలిసింది. పన్నెండేళ్లుగా ఆ బండిని తుడుస్తున్న మనిషి.

ఆ శనివారం పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని కిందికి వెళ్లి ఆమెని అడిగాను. ఇంజన్ల సంగతి ఎలా తెలుసని.

కోకాపేటలో కడుతున్న టవర్ల దగ్గర ఆరేళ్లు పనిచేసిందట. కాంక్రీటు కలిపే మిల్లర్ దగ్గర ఇసుక, కంకర మోసే పని. మిల్లర్‌కి డీజిల్ ఇంజన్ ఉంటుంది. దాన్ని నడిపే మేస్త్రీ వారంలో మూడు రోజులు రాడు.

"ఆయన రాకపోతే మిషన్ నడవదు, మా అందరికీ పనుండదు. ఆయనేం చేస్తుండో దినాం చూస్తనే ఉంటి గద. ఒకనాడు నేనే గేజు తీసి చూసి, ఆయిల్ పోసి, హ్యాండిల్ తిప్పిన. శురువైంది. ఇగ అప్పటి సంది పొద్దుగాల మిషన్ సంగతంత నాదే."

"మేస్త్రీ ఏమీ అనలేదా?"

"ఎందుకంటడు? ఆయన పని నేను చేస్తుంటి. జీతం ఆయన తీస్కుంటుండె," అని నవ్వింది. తర్వాత పెద్ద పెద్ద లారీల్లో కలిపిన కాంక్రీటే రావడం మొదలై, చిన్న మిల్లర్లు మూలపడ్డాయి. అప్పుడు ఈ వాచ్‌మన్ పని చూసుకుని వచ్చారు.

ఆ రోజు నుంచి శనివారం పొద్దున ఆయిల్ చూడటం మా ఇద్దరి పనయింది. ఇంజన్‌ని రెండు మూడు నిమిషాలు తిప్పి, ఆపి, కాఫీ తాగినంత సేపు ఆగి గేజు తీసేవాళ్లం. ఆ ఆగే సమయంలోనే ఆమె గురించి ఎక్కువ తెలిసింది. కూతురు ఒక్కతే. ఎనిమిదో తరగతి. శంకర్‌పల్లి దాటి లోపలికి వెళ్తే ఒక గురుకుల పాఠశాల ఉంది, అక్కడ హాస్టల్లో ఉండి చదువుతోంది. నెలకోసారి, రెండో ఆదివారం, తల్లిదండ్రుల్ని కలవనిస్తారు. మధ్యాహ్నం మూడింటికి గేటు వేసేస్తారు.

"ఈడ మెట్లు ఊడ్చి, పని అయ్యేటాలకు పదిన్నరైతది. రెండు బస్సులు మారాలె. రెండో బస్సు ఎప్పుడొస్తదో దేవునికే ఎరుక. దిగినంక ఆటో దొరికితె దొరికినట్టు, లేకుంటె నడుసుడే. నేను పోయి కూసునేటాలకు బెల్లు కొడతరు. పిల్ల నా మొఖం చూసుడు, నేను దాని మొఖం చూసుడు, గంతే."

"మీ ఆయన?"

"ఇద్దరం పోతె గేటు కాడ ఎవరుంటరు మేడం? చేర్పిచ్చిన నాడు వచ్చిండు. రెండేండ్లాయె, మళ్ల పోలే."

రెండేళ్లు. ఆ మాట ఆమె మామూలుగానే చెప్పింది. చెప్పి, లేచి గేజు తీసింది.

ఈ మధ్యలో నేనొక తెలివితక్కువ పని చేశాను. ఆఫీసు బేస్‌మెంట్‌లో ఒక శుక్రవారం మధ్యాహ్నం, నా అంతట నేనే చూసుకోగలనని తోచి, సైడ్ స్టాండ్ మీద ఉన్న బండికి గేజు తీసి చూశాను. నూనె కింది గీతకి చాలా కిందుంది. కంగారుపడి, బ్యాగులో పెట్టుకున్న సీసాలోంచి దాదాపు అర లీటరు పోసేశాను. సాయంత్రం బయల్దేరితే బండి బరువుగా ఈడ్చినట్టు నడిచింది. కొండాపూర్ దగ్గర వెనకనుంచి ఆటో అతను హారన్ కొట్టి, "అమ్మా, పొగ! పొగ చూడుండ్రి!" అని అరిచాడు. తిరిగి చూస్తే వెనకాల అంతా తెల్లగా ఉంది. అక్కడే పక్కకి తీసి ఆపేశాను. మిగతా దారి ట్రాలీ ఆటోలో ఎక్కించి తెచ్చుకోవలసి వచ్చింది.

ఆమె బండిని ట్రాలీ మీంచి దింపించి, సాపు మూలకి తోయించి, డబుల్ స్టాండ్ వేసి, గేజు తీసింది. పై గీత దాటిపోయి పుల్లంతా నల్లగా తడిసి ఉంది.

"ఏడ చూసిండ్రు?"

చెప్పాను.

"సైడ్ స్టాండ్ మీద! బండి ఎడమ దిక్కు ఒరుగుతది, ఆయిలంత గాడికే పోతది. గేజు కుడి దిక్కు. తక్కువ ఉన్నట్టే కనవడ్తది మరి." నన్ను తిట్టలేక తల పట్టుకుంది. "ఎక్కువైతె గూడ ఇంజన్‌కు పరేషానే మేడం. ఇప్పుడు తియ్యాలె."

తియ్యడానికి స్పానర్ కావాలి. స్పానర్లు ఆయన దగ్గరున్నాయి. ఫోన్ చేస్తే, "ఏ సైజో మీ ఇద్దరికీ తెలీదు, ఉండండి, నేనొస్తాను," అన్నారు. వాకర్ పట్టుకుని, టూల్ కిట్ సంచి మెడకి తగిలించుకుని, లిఫ్ట్‌లో దిగారు. ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక ఆయన గడప దాటడం అదే మొదటిసారి. వాచ్‌మన్ తన కుర్చీ తెచ్చి వేశాడు. కాలు చాపుకుని కూర్చుని, సంచిలోంచి స్పానర్ తీసి ఆమె చేతికిచ్చారు. ఆమె ఇంజన్ కింద పాత పెయింటు డబ్బా పెట్టి, అడుగున ఉన్న బోల్టు వదులు చేసి, సన్నని ధారగా కొంచెం పోనిచ్చి, మళ్లీ బిగించింది.

"ఏది, గేజు ఇలా ఇవ్వండి, నేను చూస్తాను," అన్నారాయన. ముందుకి వంగి, తుడిచి, రంధ్రంలో పెట్టి, మూతని గట్టిగా తిప్పి బిగించారు. మళ్లీ తిప్పి తీశారు.

ఆమె ఆయన చేతి వైపే చూస్తోంది. "సార్, గట్ల బిగించి చూస్తరా ఎప్పుడు?"

"అంతేగా?"

"ఈ బండికి బిగించొద్దు సార్. బిగిస్తె గేజు ఇంకింత లోపటికి పోతది. లేని ఆయిల్ ఉన్నట్టు చూపెడ్తది. ఊరికె ఆనించి తియ్యాలె."

ఆయన నమ్మలేదు. ఒకసారి బిగించి తీశారు. పై గీతకి కాస్త కింద. తుడిచి, ఈసారి బిగించకుండా ఆనించి తీశారు. కింది గీతకి కాస్త పైన. రెండు పద్ధతులూ మరోసారి చేసి చూశారు. నేను రోజూ ఆఫీసులో మనుషులకి వాళ్ల తప్పులు చూపించేదాన్నే. చూపించిన తర్వాత వచ్చే ఆ నిశ్శబ్దం నాకు బాగా తెలుసు. చాలామంది అప్పుడు కోపం తెచ్చుకుంటారు.

ఆయన గేజు ఆమె చేతికి తిరిగి ఇచ్చి, "పన్నెండేళ్లమ్మా," అన్నారు. "పన్నెండేళ్లుగా బిగించే చూస్తున్నాను. సర్వీసింగ్ వాళ్లు టైముకి మారుస్తుండబట్టి సరిపోయింది." తర్వాత నవ్వారు. వాచ్‌మన్ కూడా నవ్వాడు. "ఇంట్ల గూడ గిట్లనే సార్. నేనేది చేసినా ఒక వంక పెడ్తది," అన్నాడు.

ఆ వారమే నేను ఆమెని అడిగాను, బండి నేర్చుకుంటావా అని.

"నేనా?" అంది. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. "ఇంజన్ ఎన్నడు సూసినా కిందికెళ్లే చూసిన గని, మీద కూసోలే."

వాచ్‌మన్‌కి నచ్చలేదు. "దానికెందుకమ్మా బండి? పడితె ఎవరు చూడాలె? ఎవరన్న ఏమన్న అంటె?" అన్నాడు నాతో. మొరటు మనిషి కాదు. భయస్తుడు. నేను ఏమీ చెప్పకముందే ఆమె అంది: "శంకర్‌పల్లి పోనీకి. ఇంకెందుకు?" అతను గేటు వైపు వెళ్లిపోయాడు. ఒప్పుకున్నట్టు లేదు.

ఆదివారాలు పొద్దున్నే కోకాపేట వైపు తీసుకెళ్లేదాన్ని. అక్కడ కొత్తగా వేసిన వెడల్పాటి రోడ్లున్నాయి. ఇళ్లు ఇంకా పూర్తి కాక, ఆ వేళప్పుడు మనుషులెవరూ ఉండరు. నా పంజాబీ డ్రెస్ ఒకటి ఆమెకి సరిపోయింది. ఇంజన్ సంగతి తెలిసిన మనిషికి గేర్లు అర్థమవడానికి ఒక్క పూట పట్టింది. క్లచ్ లోపల ఏం జరుగుతుందో నాకంటే ఆమెకే బాగా తెలుసు. కష్టమైంది బ్యాలెన్స్. చిన్నప్పుడు సైకిల్ కూడా తొక్కలేదు. రెండో ఆదివారం మలుపులో పడిపోయింది. మోచేయి గీరుకుపోయింది. నేను పరుగెత్తుకెళ్లేసరికి ఆమె కూర్చునే, బండి కిందికి తొంగి చూస్తోంది.

"దెబ్బ తగిలిందా?"

"ఆయిల్ కారుతలేదు," అంది.

"బండికి కాదు, నీకు!"

అప్పుడు మోచేయి చూసుకుంది.

ఒకసారి తిరిగొస్తూ ఒక గేటు ముందు ఆపమంది. ముప్ఫై పైచిలుకు అంతస్తుల రెండు టవర్లు. లోపల పచ్చిక, పూలమొక్కలు, పిల్లలు ఆడుకునే ఊయలలు. తను పనిచేసింది అక్కడేనట. నేను పైకి చూస్తున్నాను. ఆమె పైకి చూడలేదు. గేటు ఊచల్లోంచి ఊయలల వైపు చెయ్యి చూపించి, "మిల్లర్ గాడుండె. వాన పడితె మా కాళ్లు మోకాలి మట్టం దిగవడుతుండె," అంది. సెక్యూరిటీ అతను లేచి వస్తుంటే మేమే బయల్దేరాం.

లెర్నింగ్ లైసెన్సు పరీక్ష తెలుగులోనే రాసింది. ఐదో తరగతి వరకే చదివినా, నా ఫోన్‌లో రోడ్డు గుర్తుల బొమ్మలు పెట్టుకుని, మెట్ల మీద కూర్చుని పదిహేను రోజులు బట్టీ పట్టింది. అసలు పరీక్ష రోజు ఎనిమిది అంకె ఆకారంలో బండి తిప్పాలి. మొదటిసారి కాలు కింద పెట్టేసి ఫెయిలైంది. ఆ రోజు తిరిగొస్తూ నా వెనక సీట్లో పక్కకి తిరిగి కూర్చుంది. "కాళ్లు వణికినయ్ అక్కా," అంది. మేడం అక్కగా ఎప్పుడు మారిందో నేను గమనించలేదు. గడువు కాగానే మళ్లీ వెళ్లింది. ఈసారి పాసైంది.

ఇక మిగిలింది గేటు దగ్గర ఎవరుండాలన్నది. లైసెన్సు కార్డు వచ్చిన తర్వాతి రెండో ఆదివారానికి ముందు రోజు, ఆ సంగతి మేం మాట్లాడుకుంటుంటే మా ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. అప్పటికి చేతికర్రతో నడుస్తున్నారు.

"నేనుంటాను," అన్నారు.

"ఎక్కడ?"

"గేటు దగ్గర. కుర్చీలో కూర్చోవడమేగా. ఇంట్లోనూ చేసేది అదేగా. ఇద్దర్నీ వెళ్లి రమ్మను."

వాచ్‌మన్ ముందు ససేమిరా అన్నాడు. "సార్ గేటు కాడ కూసుంటె అందరు నన్నేమంటరు?" అన్నాడు. ఆయన వినలేదు. నీళ్ల మోటారు ఎప్పుడెయ్యాలో, ఎప్పుడాపాలో, ఏ ఫ్లాటుకి పాలవాడు రాడో అన్నీ కాగితం మీద రాసుకున్నారు.

ఆదివారం ఏడున్నరకి వాళ్లు బయల్దేరారు. ఆమె నా పంజాబీ డ్రెస్‌లో, మా ఆయన హెల్మెట్‌తో. వెనక వాచ్‌మన్, నా హెల్మెట్‌తో, ఉతికి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలో, ఒళ్లో టిఫిన్ క్యారియర్ పట్టుకుని. పొద్దున నాలుగింటికే లేచి మెట్లు ఊడ్చి, కూతురికి ఇష్టమని పల్లీలు వేసిన బియ్యప్పిండి రొట్టె, సర్వపిండి చేసిందట. ఎక్కడ పట్టుకోవాలో తెలియక అతను కాసేపు తికమకపడ్డాడు. చివరికి ఒక చేత్తో క్యారియర్, ఒక చేత్తో సీటు వెనక కడ్డీ పట్టుకున్నాడు. గేటు దాటాక ఆమె ఎడమవైపు సిగ్నల్ వేసి, ఆగి, ఇటూ అటూ చూసి, తెల్లాపూర్ దారి పట్టింది. నేను మలుపు తిరిగేదాకా చూసి పైకి వెళ్లాను. ఆ రోజంతా ఫోన్ చేతిలోంచి కింద పెట్టలేదు.

మా ఆయన మోటారు వేసి, పేపర్లో పడి, ఆపడం మరిచిపోయారు. ట్యాంకు పొంగి మెట్ల మీదుగా నీళ్లు వచ్చాయి. రెండో అంతస్తు పెద్దాయన కిందికి వచ్చి కేకలు వెయ్యబోయి, కుర్చీలో ఈయన్ని చూసి ఆగిపోయారట. నేను చీపురు పట్టుకుని మెట్లు తుడిచాను.

సాయంత్రం ఐదింటికి వచ్చారు. బండి దిగగానే వాచ్‌మన్ తిన్నగా మోటారు స్విచ్ దగ్గరికి వెళ్లాడు. ఆమె మెట్ల మీద కూర్చుని, నీళ్లు తాగి, మొదలుపెట్టింది.

తొమ్మిదింటికే చేరారట. గేటు తెరవకముందే. తెరవగానే వీళ్లు బండితో లోపలికి వెళ్లారు. పిల్ల వరండాలోంచి చూసి, హెల్మెట్లు పెట్టుకున్న ఇద్దరు వేరెవరి తాలూకో అనుకుని లోపలికి వెళ్లిపోబోయింది. ఈమె హెల్మెట్ తీసి పిలిచింది. పిల్ల పరుగెత్తుకొచ్చింది. కానీ తల్లి దగ్గర ఆగలేదు. వెనక నిలబడ్డ తండ్రి దగ్గరికి వెళ్లి, అతని చొక్కా చేత్తో పట్టుకుని, "నాయన, నువ్వు గూడ వచ్చినవా?" అందట.

"ఇగ ఆయనను ఇడిసిపెట్టలే అక్కా. ఆరు గంటలు ఆడనే ఉన్నం. పిల్ల నాయన చెయ్యి పట్టుకుని బడి మొత్తం తిప్పింది. ఈడ కూసుంట, ఈడ తింట, ఈ చెట్టు కాడ చదువుకుంట. నన్నొక్కటి అడగలే. నేను సర్వపిండి ఒళ్లె పెట్టుకుని ఒక్కదాన్నే కూసున్న," అంది. ఫిర్యాదులా చెబుతోంది గానీ మొహం వెలిగిపోతోంది. "వచ్చేటప్పుడు తోవల బండి ఆపుమన్నడు. ఏమైందంటె ఏం లేదన్నడు. రోడ్డు పక్కపొంటి నిలబడి మొఖం తుడుసుకున్నడు. మళ్ల ఎక్కిండు."

ఇది జరిగి ఏడాది కావస్తోంది. ఆయన కాలు బాగుపడింది గానీ మోటార్‌సైకిల్ జోలికి వెళ్లడం లేదు. గేరు లేని స్కూటర్ ఒకటి తీసుకున్నారు. పాత బండి తాళం మెట్ల కింద గదిలో మేకుకి వేలాడుతుంది. నాకు కావలసినప్పుడు నేను తీసుకుంటాను, ఆమెకి కావలసినప్పుడు ఆమె. రెండో ఆదివారాలు మాత్రం ఆమెవే. ఆ రోజుల్లో మా ఆయన పేపరు, కళ్లజోడు, నీళ్ల సీసా పట్టుకుని ఏడున్నరకల్లా గేటు దగ్గర కుర్చీలో కూర్చుంటారు. మోటారు కోసం ఫోన్‌లో అలారం పెట్టుకున్నారు. క్రితం నెల నాలుగో అంతస్తులోకి కొత్తగా దిగిన అమ్మాయి ఆయన చేతికి ఇంటి తాళం ఇచ్చి, గ్యాస్ సిలిండర్ వస్తే తీసుకుని లోపల పెట్టించమని చెప్పి వెళ్లిపోయింది. ఆయన అలాగే చేశారు.